స్విచ్ వేయకముందు వెనక్కి తిప్పి చూడండి

పాత లాప్‌టాప్‌ల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో "అటక మీది లాప్‌టాప్‌ను పాత సామాన్లవాడికి వేసేముందు నాకో ఉత్తరం ముక్క రాయండి" అన్నాను. అన్న పాపానికి బాగానే వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఒకే రకం ఇబ్బంది ఉన్నవాటిని కలిపేశాను. కొత్త పాఠకులకు నా సంగతి ఒక్క మాటలో చెబుతాను. తొంభైల్లో కోస్తా జిల్లాల్లో బ్యాంకులకీ ఆఫీసులకీ బ్యాగు తగిలించుకుని తిరిగి కంప్యూటర్లు బాగుచేసినవాణ్ణి. ఇప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి దగ్గర్లో చిన్న షాపు. కొత్త లాప్‌టాప్‌లు షాపు అద్దె కట్టుకోవడం కోసం బాగుచేస్తాను, పాతవి ఇష్టం కొద్దీ.

ప్రశ్న: మా బావమరిది ఎప్పుడో విదేశం నుంచి తెచ్చిన తోషిబా శాటిలైట్ ప్రో ఒకటి ఇరవై ఏళ్ళ పైనుంచి బీరువాలో పడి ఉంది. ఛార్జర్ కూడా భద్రంగా ఉంది. పెట్టి చూద్దామంటే మా ఆవిడ "పేలుతుందేమో, వద్దు" అంటోంది. ఆన్ చేయమంటారా, వద్దంటారా?
— రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు, తెనాలి

జవాబు: ఈ ఒక్కసారికి మీ ఆవిడగారి మాట వినండి. పేలకపోవచ్చు గానీ, తొందరపడి ఛార్జర్ పెడితే బతికున్న బోర్డు కాస్తా పోవచ్చు.

అప్పటి తోషిబాల్లో చాలావాటికి బ్యాటరీ అంటే ఒకటి కాదు. అడుగున మనం ఊడదీసే పెద్ద బ్యాటరీ ఒకటి. తేదీ, టైము గుర్తుంచుకోవడానికి లోపల చిన్నది ఇంకొకటి. కొన్ని మోడళ్ళలో మెమరీని నిలబెట్టడానికి మూడోది కూడా ఉంటుంది. లోపలివి సాధారణంగా నికెల్ రకం, మళ్ళీ మళ్ళీ ఛార్జ్ అయ్యేవి. ఏళ్ళ తరబడి ఛార్జ్ లేకుండా పడి ఉంటే అవి కారతాయి. కారేది పొటాషియం హైడ్రాక్సైడ్ లాంటి ఘాటైన క్షారం. రాగిని తినేస్తుంది.

నిరుడు వానాకాలంలో ఏలూరు నుంచి ఒకాయన సరిగ్గా ఇలాంటిదే తెచ్చాడు. పైకి గీత కూడా లేదు, కొత్తదే అనుకోండి. కీబోర్డు పైకెత్తి చూస్తే మూలన ప్లాస్టిక్ తొడుగు వేసిన రెండు చిన్న సెల్స్, వాటి చుట్టూ తెల్లటి పొడి. బ్యాటరీ కింద బోర్డు శుభ్రంగానే ఉంది. "హమ్మయ్య" అన్నాడాయన. వైరు వెంట కనెక్టర్ దాకా వెళ్ళి చూడమన్నాను. ఆ క్షారం వైరు తొడుగు లోపల తీగ పట్టుకుని పాకుతూ అవతలి కొసకి చేరింది. కనెక్టర్ పిన్నులకి పచ్చగా చిలుము పట్టింది. పక్కనున్న ట్రాకులు, అంటే బోర్డు మీది సన్న రాగి గీతలు, పై పూత కింద నల్లబడి ఉబ్బి ఉన్నాయి. వైరు కోసి చూస్తే లోపల రాగి రంగే లేదు, బొగ్గులా ఉంది. ఆ స్థితిలో కరెంటు ఇస్తే ఏది ఎక్కడ షార్ట్ అవుతుందో ఎవరూ చెప్పలేరు.

అందుకని మీరు చేయాల్సింది ఇది. ముందు పెద్ద బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టండి. దాన్ని ఛార్జ్ చేసే ఆలోచనే వద్దు. తర్వాత స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చిన మనిషి చేత విప్పించి లోపలి చిన్న బ్యాటరీలను తీయించండి. కారి ఉంటే దూదిపుల్లతో తెల్ల వెనిగర్ అద్దితే క్షారం విరుగుతుంది, కొద్దిగా నురగ కూడా వస్తుంది. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, చివర ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) లిక్విడ్‌తో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. తెగిపోయిన ట్రాకుల్ని మల్టీమీటర్‌తో పట్టుకుని సన్న వైరుతో కలుపుకోవచ్చు. చిన్న బ్యాటరీ లేకపోయినా మిషన్ సాధారణంగా నడుస్తుంది. ప్రతిసారీ తేదీ అడుగుతుంది, అంతే.

ఇక ఛార్జర్. భద్రంగా దాచినంత మాత్రాన అది మంచిదని కాదు. లాప్‌టాప్‌కి తగిలించకుండా ముందు మల్టీమీటర్‌తో కొలవండి. మిషన్ అడుగున చీటీ మీద ఎన్ని వోల్టులని రాసుందో దానికి దగ్గరగా రావాలి. చాలా ఎక్కువ చూపించినా, అంకె నిలకడ లేకుండా ఊగుతున్నా లోపల కరెంటుని నిలకడగా ఉంచే కెపాసిటర్లు ఎండిపోయాయన్నమాట. పిన్నుకి ప్లస్ లోపలి వైపా బయటి వైపా అన్నది కూడా చీటీ మీది బొమ్మలో ఉంటుంది. అది చూడకుండా "పిన్ను పట్టింది కదా" అని వేరే ఛార్జర్ పెట్టినవాళ్ళ వల్లే నా షాపు సగం నడుస్తోంది.

తోషిబా అంటే నాకు కాస్త పక్షపాతం ఉందని ఒప్పుకుంటాను. లాప్‌టాప్ అనే వస్తువుకి ఒక రూపం తెచ్చినవాళ్ళలో వాళ్ళు ముందున్నారు. 1985 నాటి టీ1100లో హార్డ్ డిస్కే లేదు. 256 కిలోబైట్ల మెమరీ, మూడున్నర అంగుళాల ఫ్లాపీ, అంతే. మరుసటి ఏడాది వచ్చిన టీ3100కి నారింజ రంగులో వెలిగే ప్లాస్మా తెర ఉండేది. దానికి బ్యాటరీ లేదు, గోడ ప్లగ్గు దొరికితేనే నడక. అయినా దాన్ని ఒళ్ళో పెట్టుకునే మిషన్ అనే అమ్మారు. మీది వాటికంటే వయసులో చాలా చిన్నది, బతికే అవకాశం ఎక్కువ.

ప్రశ్న: అన్నా, స్క్రాప్ లాట్‌లో ఐబీఎం థింక్‌ప్యాడ్ టీ42 ఒకటి కొన్నాను. ఆన్ చేస్తే 161, 163 అని ఎర్రర్లు వస్తున్నాయి. సెటప్‌లోకి పోతే పాస్‌వర్డ్ అడుగుతోంది. బయోస్ సెల్ తీసి రాత్రంతా ఉంచినా పోలేదు. ఇంకెంతసేపు తీసి ఉంచాలె?
— బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: తమ్ముడూ, ఏడాది తీసి ఉంచినా పోదు. 161 అంటే బయోస్ సెల్, అంటే తేదీ, సెట్టింగులు గుర్తుంచుకునే బిళ్ళ బ్యాటరీ, అయిపోయిందని, 163 అంటే తేదీ, టైము సెట్ కాలేదని. ఈ రెండూ చిన్న విషయాలే. పామ్‌రెస్ట్ కింద వైరుతో ఉన్న సీఆర్2032 సెల్ మారిస్తే సరి. ఊరికే బిళ్ళ కొని పాత వైర్లు దానికి సోల్డరింగ్ చేయకు. ఆ వేడికి సెల్ పగలొచ్చు. వైరు, కనెక్టర్‌తో సహా వచ్చేది కొను.

అసలు చిక్కు పాస్‌వర్డ్. మామూలు డెస్క్‌టాప్‌లో సెల్ తీస్తే సెట్టింగులన్నీ చెరిగిపోతాయి. థింక్‌ప్యాడ్‌లో సెటప్‌కి తాళం వేసే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్‌ని అక్కడ పెట్టలేదు. బోర్డు మీద ఎనిమిది కాళ్ళ చిన్న మెమరీ చిప్ ఒకటి ఉంటుంది, పాస్‌వర్డ్ అందులో ఉంటుంది. దానికి కరెంటు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పైగా సెల్ పోయిందంటే తేదీ సరిచేయడానికి సెటప్‌లోకి వెళ్ళమంటుంది, వెళ్ళాలంటే ఆ పాస్‌వర్డే కావాలి. దొంగతనం చేసినవాడికి పనికిరాకుండా చేసిన ఏర్పాటు ఇది. స్క్రాప్‌లో కొన్న అమాయకుడికి కూడా అదే గతి.

ఐబీఎం అప్పట్లో చెప్పిన దారి బోర్డు మార్చడమే. ఆ చిప్‌లోది చదివి పాస్‌వర్డ్ బయటికి తీసే విద్య ఉంది, చేసేవాళ్ళూ ఉన్నారు. నేను మాత్రం కొన్న బిల్లు చూడకుండా ముట్టుకోను. మూత మీదో అడుగునో పాత ఆఫీసు స్టిక్కర్ ఉందేమో చూడు. ఉంటే వాళ్ళ ఐటీ విభాగానికి ఒక మెయిల్ పెట్టు. కొన్ని ఆఫీసుల్లో వందల మిషన్లకి ఒకటే పాస్‌వర్డ్ ఉండేది, అడిగితే చెప్పినవాళ్ళూ ఉన్నారు. హార్డ్ డిస్కుకి కూడా వేరే పాస్‌వర్డ్ ఉందంటే దాని మీద ఆశ వదిలేసుకుని వేరే డిస్కు వెతుక్కో.

ఇంకో రెండు జాగ్రత్తలు. దీని ఛార్జర్ 16 వోల్టులది. 2006లో టీ60 నుంచి 20 వోల్టులకి మారింది, పిన్ను కూడా లావైంది. పట్టడం లేదని వైరు కోసి అతికించే పని పెట్టుకోకు. రెండోది, టీ40, 41, 42లను ఒంటి చేత్తో ఒక మూల పట్టుకుని ఎత్తే అలవాటు మానెయ్. బోర్డు వంగి వంగి తెర మీద బొమ్మ తెప్పించే గ్రాఫిక్స్ చిప్ కింద టాంకా (సోల్డర్) విడిపోతుంది. అప్పుడు తెర మీద గీతలు వస్తాయి, ఆ తర్వాత మొత్తానికే పోతుంది. ఇంత చెప్పాక కూడా అంటాను, మంచి వస్తువు కొన్నావు. ఆ కీబోర్డు మీద నాలుగు పేజీలు టైప్ చేసి చూడు, ఎందుకంటున్నానో తెలుస్తుంది.

ప్రశ్న: నేను డీటీపీ చేస్తాను. ఇరవై ఏళ్ళ క్రితం పేజ్‌మేకర్‌లో చేసిన శుభలేఖలు, గుడి కరపత్రాలు, ఒక పెద్దాయన పద్యాల పుస్తకం అన్నీ పాత లాప్‌టాప్‌లో ఉండిపోయాయి. ఆన్ చేస్తే లోపల టిక్ టిక్ మని కొట్టుకుంటోంది, విండోస్ రావడం లేదు. ఆ పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తామని పెద్దాయన మనవలు వచ్చారు. హార్డ్ డిస్కును ఫ్రీజర్‌లో పెడితే పనిచేస్తుందని ఎవరో చెప్పారు. నిజమేనా?
— డీటీపీ ఆపరేటర్, రాజమండ్రి

జవాబు: ఫ్రీజర్‌లో చేపలు పెట్టుకోండి, డిస్కు వద్దు. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. రాజమండ్రి గాలిలో అయితే చెప్పక్కర్లేదు. ఈ ఉత్తరం చదివాక ఇంకోసారి ఆన్ కూడా చేయకండి. టిక్ టిక్ అంటే డిస్కు తల తన దారి తాను కనుక్కోలేక మొదటికి వెళ్ళి మళ్ళీ వెతుక్కోవడం. ప్రతి ప్రయత్నానికీ పళ్ళెం మీద గీత పడే ప్రమాదం ఉంది.

అయితే ఆశ వదులుకునేముందు చూడాల్సింది ఒకటుంది. డిస్కు బయటికి తీయండి. చాలా లాప్‌టాప్‌లలో అడుగున ఒకటో రెండో స్క్రూలు తీస్తే జారి వస్తుంది. దాని కొసన ఒక ప్లాస్టిక్ కనెక్టర్ అతుక్కుని ఉండొచ్చు. అది డిస్కులో భాగం కాదు, రెండు వైపులా కొద్దికొద్దిగా లాగితే ఊడి వస్తుంది. అప్పుడు కింద రెండు వరుసల్లో 44 సన్న పిన్నులు కనిపిస్తాయి. పక్కనే కొంచెం ఎడంగా మరో నాలుగు పిన్నులు ఉంటాయి. అవి జంపర్ కోసం, వాటి మీదకి కేబుల్ పోనివ్వకూడదు. యూఎస్‌బీ అడాప్టర్ తగిలించేటప్పుడు ఒక్క వరుస జరిగినా డిస్కు కాలిపోవచ్చు. కరెంటు కూడా ఆ 44 పిన్నుల్లోంచే వస్తుంది మరి. కళ్ళజోడు పెట్టుకుని, వెలుతురులో చేయండి.

ఆ పాత డిస్కులు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతాయి. ఒక్క యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది చాలక బాగున్న డిస్కు కూడా టిక్ టిక్ మంటుంది. లాప్‌టాప్ బోర్డు మీద కరెంటు సరిగ్గా రాకపోయినా అంతే. కాబట్టి విడిగా పవర్ ఇచ్చే అడాప్టర్‌తో ఒకే ఒక్కసారి చూడండి. అప్పటికీ అదే శబ్దం వస్తే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్ళకి ఇచ్చేయండి. తిరిగి, కంప్యూటర్‌కి కనిపించిందనుకోండి, ఒక్కో ఫోల్డర్ తెరిచి చూసుకుంటూ మురిసిపోవద్దు. లినక్స్‌లో డీడీరెస్క్యూ అని ఉచితంగా దొరుకుతుంది. మొత్తం డిస్కుకి నకలు తీయండి. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ లాగేసి, మొండికేసిన చోట్లకి తర్వాత వస్తుంది. ఆ నకలు మీద ఎంతసేపైనా వెతుక్కోవచ్చు.

ఫైళ్ళు దొరికాక అసలు పని మొదలవుతుంది, ఇది మీకు నాకంటే బాగా తెలుసు. ఆ రోజుల్లో మన తెలుగు ఫాంట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో కూర్చున్నవే. అను ఫాంట్లతో కొట్టిన పద్యాన్ని ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే కనిపించేది పద్యం కాదు, అడ్డదిడ్డంగా ఇంగ్లీషు గుర్తులు. అందుకని పి65, పీఎండీ అనే పేజ్‌మేకర్ ఫైళ్ళతో సరిపెట్టుకోకుండా విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ మొత్తం కాపీ చేసుకోండి. కొన్ని తెలుగు సాఫ్ట్‌వేర్లకి పేరలల్ పోర్టుకి, అంటే పాత ప్రింటర్ పెట్టే చోట, తగిలించే తాళం, డాంగిల్ అనేవాళ్ళం, అది కూడా ఉండేది. టేబుల్ సొరుగులో ఎక్కడో పడి ఉంటుంది, పారేయకండి.

పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, 2001లో వచ్చింది. దాని ఫైళ్ళని, దాని తర్వాత వచ్చిన పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్, సీఎస్6 వెర్షన్ దాకా తెరవగలిగేది, ఆ తర్వాతి వెర్షన్లకి ఆ గుణం పోయింది. నేనైతే ఇలా చేస్తాను. విండోస్ ఎక్స్‌పీ ఉన్న మరో పాత మిషన్ సంపాదించి, నెట్ లేకుండా దాంట్లో పేజ్‌మేకర్, ఆ ఫాంట్లు వేసి, పేజీలన్నీ ముందు పీడీఎఫ్ చేస్తాను. పేజీ రూపం భద్రమైనట్టే. తర్వాత అక్షరాలని ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అయితే ఒత్తుల దగ్గరా, వట్రుసుడుల దగ్గరా తడబడతాయి. పద్యాలు కాబట్టి ఒక్క మాత్ర తేడా వచ్చినా పెద్దాయన ఆత్మ ఊరుకోదు. ఛందస్సు తెలిసినవాళ్ళ చేత ప్రూఫు చూపించండి.

ప్రశ్న: ఆన్ చేస్తే విండోస్ పాట వినిపిస్తుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. ప్యానెల్ పోయింది, ఇక దొరకదు అన్నారు షాపులో. వదిలేయమంటారా?
— టైలరింగ్ షాపు యజమానురాలు, అనంతపురం

జవాబు: వదిలేయకండమ్మా, ముందు ఒక టార్చి తీసుకోండి. రాత్రి గదిలో లైట్లు ఆపేసి, లాప్‌టాప్ ఆన్ చేసి, తెర మీద టార్చి వెలుగు ఏటవాలుగా వేయండి. కాస్త అటూ ఇటూ కదిపితే చీకట్లోంచి ఐకాన్లు, మౌస్ బాణం మసకమసకగా కనిపిస్తాయేమో చూడండి. కనిపిస్తే ప్యానెల్ నిక్షేపంలా ఉంది, దాని వెనక దీపం ఆరిపోయిందంతే.

ఎల్‌ఈడీ రాకముందు వచ్చిన లాప్‌టాప్‌లలో తెర కింది అంచున రెండు మిల్లీమీటర్ల లావు గాజు ట్యూబు ఒకటి వెలిగేది. దాన్ని వెలిగించడానికి సన్నటి పొడవాటి బోర్డు, ఇన్వర్టర్ అంటారు, వందల వోల్టులు తయారుచేస్తుంది. వెలిగే మొదటి క్షణంలో వెయ్యి దాటుతుంది కూడా. కాబట్టి మూత విప్పి ఉండగా కరెంటు పెట్టి వేలు పెట్టొద్దు.

నేను చూసే వరుస ఇది. ముందు మూత స్విచ్. హింజ్ (మూత కీలు) దగ్గర చిన్న మీటలా ఉంటుంది, మూత మూసినప్పుడు అది నొక్కుకుని దీపం ఆర్పేస్తుంది. మీ షాపులో దారాలు, పీచు దానిలో ఇరుక్కుని నొక్కుకునే ఉండిపోయిందేమో, నాలుగుసార్లు నొక్కి వదలండి. ఖర్చు లేని రిపేరు. తర్వాత హింజ్ లోంచి పోయే కేబుల్. మూత ఒక కోణంలో పెడితే వెలిగి, ఇంకో కోణంలో ఆరితే కేబులే. ఆ తర్వాత ఇన్వర్టర్, చివర ట్యూబు. ఆన్ చేయగానే తెర ఎర్రగా, గులాబీ రంగులో వెలిగి రెండు సెకన్లలో ఆరిపోతుంటే ట్యూబు వయసైపోయింది. ట్యూబు మార్చేటప్పుడు పగలకుండా చూడమనండి, లోపల పాదరసం ఉంటుంది. దాని బదులు ఎల్‌ఈడీ పట్టీ వేసేవాళ్ళు కూడా ఉన్నారు. వెలుగు రంగు కాస్త మారుతుంది గానీ బిల్లులు రాసుకోవడానికి ఏం ఇబ్బంది?

ప్రశ్న: ఇక్కడ ఒక పాత ఇంటి సామాన్ల అమ్మకంలో ఆపిల్ పవర్‌బుక్ 180 కొన్నాను. పనిచేస్తోంది! కానీ పావుగంటకి తెర అంచుల నుంచి నల్లటి నీడ లోపలికి వస్తుంది. మూత దగ్గర పులిసిన వాసన కూడా వస్తోంది. అన్నట్టు హింజ్ బిగుసుకుపోయింది. నూనె వేయనా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, డాలస్

జవాబు: అమ్మా, నూనె సంగతి తర్వాత. ముందు ఆ మూతని మాటిమాటికీ తెరిచి మూయడం ఆపండి. పవర్‌బుక్‌లలో హింజ్ స్క్రూలు ప్లాస్టిక్‌లో దించిన ఇత్తడి బుషుల్లోకి వెళ్తాయి. ముప్పై ఏళ్ళు దాటిన ఆ ప్లాస్టిక్ పెళుసెక్కిపోయింది. హింజ్ బిగుసుకున్నప్పుడు బలం పెడితే హింజ్ కదలదు, బుషులే పెకలించుకుని వస్తాయి. టీ8, టీ10 టార్క్స్ (నక్షత్రం తల స్క్రూల) బిట్లు కొనుక్కుని, విప్పి, బుషుల చుట్టూ ఎపాక్సీ వేసి గట్టిపరిచాకే హింజ్ జోలికి వెళ్ళాలి.

అంచుల నీడ ఆ తరం ఆక్టివ్ మ్యాట్రిక్స్ తెరలకి వచ్చే జబ్బే. సేకరించేవాళ్ళు టన్నెల్ విజన్ అంటారు. ఆపేసి విశ్రాంతి ఇస్తే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. నా చేతుల్లో దానికి శాశ్వత వైద్యం లేదు. తక్కువసేపు వాడుకోండి, అంతకంటే చెప్పలేను.

వాసన వేరే సంగతి. తెర ముందు వెనకల ఉండి వెలుగుని వడగట్టే పోలరైజర్ పొరలో అసిటేట్ ఫిల్మ్ ఉంటుంది. అది విరిగిపోతూ అసిటిక్ యాసిడ్ వదులుతుంది, అంటే వెనిగరే. పాత సినిమా రీళ్ళకి పట్టే రోగం కూడా ఇదే. బుడగలు, మచ్చలు ఇంకా కనిపించకపోతే తొలి దశలో ఉన్నట్టు. ఆ మిషన్‌ని మూసిన పెట్టెలో పెట్టకండి, గాలి ఆడే చోట ఉంచండి, మిగతా పాత మిషన్లకి దూరంగా. మచ్చలు ముదిరితే ఆ పొర ఒలిచి కొత్తది అంటించవచ్చు. కానీ పాత జిగురు గీకడంలో అద్దం పగలకొట్టుకున్నవాళ్ళే ఎక్కువ.

పనిలో పనిగా కెపాసిటర్లు కూడా చూడండి. ఆ కాలపు చిన్న రేకు డబ్బాల కెపాసిటర్లు అడుగు నుంచి కారతాయి. ఐరన్ పెట్టగానే చేపల వాసన వస్తే కారినట్టే. హార్డ్ డిస్కు తగిలించే పద్ధతి స్కజీ రకం, పైన చెప్పిన 44 పిన్నుల ఐడీఈ కాదు. కొన్ని పాత డిస్కుల్లో లోపలి రబ్బరు బంకలా కరిగి తల దానికి అతుక్కుపోతుంది. బ్లూస్కజీ అని మెమరీ కార్డుని స్కజీ డిస్కుగా చూపించే చిన్న బోర్డు ఉంది, పవర్‌బుక్‌లకి సరిపోయేది కూడా వస్తుంది. పాతది చావకముందే దానిలోకి కాపీ చేసుకోండి.

మీరు చేతులు ఆనించి టైప్ చేసే ఆ ఖాళీ జాగా ఉంది చూశారా, కీబోర్డు వెనక్కి జరిపి, ముందు చేతులకి చోటు, మధ్యలో ట్రాక్‌బాల్. 1991 అక్టోబరులో మొదటి పవర్‌బుక్‌లు తెచ్చిన అమరిక అది. ఇవాళ మీ ఆఫీసు లాప్‌టాప్‌ది కూడా అదే అమరిక, ట్రాక్‌బాల్ స్థానంలో టచ్‌ప్యాడ్ వచ్చిందంతే.

ప్రశ్న: 2008 నాటి లాప్‌టాప్‌కి డిస్‌ప్లే రావట్లేదు. చిప్‌ని వేడి చేస్తే వస్తుందని హీట్ గన్ పెట్టి డబ్బులు తీసుకున్నారు. నెల తిరగకుండా మళ్ళీ పోయింది. ఈసారి రీబాల్ చేయాలంటున్నారు, ఇంకా ఎక్కువ అవుతుందట.
— ప్రైవేటు స్కూలు టీచరు, కరీంనగర్

జవాబు: ఇవ్వకండి. హీట్ గన్ వైద్యం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఆ కాలపు లాప్‌టాప్‌లలో వచ్చిన కొన్ని ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్‌ల ప్యాకేజింగ్ బలహీనంగా ఉందని 2008 జులైలో ఆ కంపెనీయే ప్రకటించింది. వాటి మరమ్మతులకని 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. మీ మిషన్‌లో ఆ చిప్పే ఉంటే కథ ఇలా ఉంటుంది. చిప్ అంటే మనకి కనిపించే మొత్తం చతురస్రం కాదు. నడుమ మెరిసే చిన్న సిలికాన్ ముక్క, దాని కింద ఒక పలక, ఆ రెంటినీ కలుపుతూ కంటికి ఆనని టాంకా చుక్కలు. ఆ పలకకీ బోర్డుకీ మధ్య పెద్ద గుండ్లు. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి పగిలేది పై చుక్కలు. రీబాల్ చేస్తే మారేది కింది గుండ్లు. పగులు ఒక చోట, పట్టీ ఇంకో చోట. వేడి పెట్టినప్పుడు పగులు అంచులు తాత్కాలికంగా ఆనుకుంటాయి, నాలుగు రోజులు బొమ్మ వస్తుంది, డబ్బులు చేతులు మారతాయి. నిజంగా బాగుపడాలంటే చిప్‌నే మార్చాలి, అదీ తర్వాత సరిచేసి వదిలిన రకంతో.

చిప్ దాకా వెళ్ళేముందు ర్యామ్ తీసి, దాని బంగారు రంగు కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్ళీ పెట్టి చూశారా? బయట మానిటర్ తగిలించి చూశారా? మానిటర్‌లో బొమ్మ వస్తే చిప్ బాగానే ఉంది, తప్పు తెర వైపు ఉంది. రెండూ అయ్యాక కూడా చీకటేనంటే, హార్డ్ డిస్కు తీసుకుని అందులోని ప్రశ్నపత్రాలు, ఫోటోలు కాపీ చేసుకోండి. ఆ బోర్డు మీద ఇక రూపాయి పెట్టొద్దు.

పొట్టి ప్రశ్నలు

*ఎక్స్‌పీ ఉన్న లాప్‌టాప్‌లో బ్యాంకు పనులు చేసుకోవచ్చా? (నెల్లూరు)* వద్దు. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. పాటలు, పాత ఆటలు, టైపింగు, అంతవరకే.

*మూత మీద రబ్బరు పూత జిగురైపోయింది, చేతికి అంటుకుంటోంది. (ఖమ్మం)* పూత పాడైంది, మళ్ళీ బాగవదు. ఐపీఏ లిక్విడ్‌తో ఓపిగ్గా తుడిచి మొత్తం తీసేయండి. థిన్నర్ మాత్రం వాడకండి, కింద ప్లాస్టిక్ కరుగుతుంది.

*పురుగులు పట్టకుండా లాప్‌టాప్ బ్యాగులో నాఫ్తలీన్ ఉండలు వేశాను. (శ్రీకాకుళం)* తీసేయండి. ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. సిలికా జెల్ పొట్లాలు చాలు. బ్యాటరీ మాత్రం విడిగా తీసి పెట్టండి.

*పాత డిస్కు బదులు మెమరీ కార్డు పెట్టొచ్చా? (నిజామాబాద్)* భేషుగ్గా. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు, 44 పిన్నుల అడాప్టర్. కాకపోతే బయోస్, అంటే ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం, ఎంత పాతదో చూసుకోండి. బాగా పాతవి 504 మెగాబైట్ల దగ్గర, ఆ తర్వాతివి 8.4 గిగాబైట్ల దగ్గర, ఇంకా తర్వాతివి 137 దగ్గర ఆగిపోతాయి. అంతకు మించిన కార్డు పెడితే బూట్ కాకపోవచ్చు.

*నా దగ్గరున్నది అమ్మితే ఎంత వస్తుంది? (చాలామంది)* మోడల్ పేరు లేకుండా ఎవరు చెప్పగలరు? ఉత్తరం రాసేటప్పుడు అడుగున చీటీ మీదున్న మోడల్ నంబరు, వోల్టేజి పూర్తిగా రాయండి. ఫోటో పంపేవాళ్ళు తెర ఫోటో ఒకటి, ఆ చీటీ ఫోటో ఒకటి పంపితే చాలు. ఛార్జర్ పోస్టులో పంపొద్దు, మొన్న ఒకరు పంపారు.